ఫోన్ చేయలేదని రుజువు

సోమవారం ఉదయం పది గంటల ఏడు నిమిషాలకు భీమవరం బ్రాంచికి హైదరాబాదు నుంచి ఒక కవరు వచ్చింది. అందులో రెండు ఉత్తరాలున్నాయి. రెండింటి మీదా సంతకం ఒకరిదే. తేదీ కూడా ఒకటే.

మొదటి ఉత్తరం: ముప్పై రోజుల్లో ఫోన్ కాల్స్ రెట్టింపు చేయవలెను. లేనిచో బ్రాంచి మూసివేయబడును.

రెండో ఉత్తరం: ముందుగా రాతపూర్వక అనుమతి ఇవ్వని ఏ వ్యక్తికీ ఫోన్ చేయరాదు. అనుమతి అడగడానికి ఫోన్ చేయుట కూడా ఫోన్ చేయుటయే. ఒక్క ఫిర్యాదు వచ్చినచో బ్రాంచి మూసివేయబడును.

మేనేజరు నరసరాజు ఒక ఉత్తరం ఎడమచేత్తో, ఒకటి కుడిచేత్తో పట్టుకుని చదివాడు. చేతులు మార్చి మళ్ళీ చదివాడు. అర్థం మారలేదు.

నిశ్చింత మెష్ డోర్స్ వారు దోమతెర తలుపులు అమ్ముతారు. నిజానికి భీమవరంలో ఆ సరుకు అమ్మడం కష్టం కాకూడదు. ఊరి చుట్టూ చేపల చెరువులు. సాయంత్రం ఆరు దాటితే దోమలు ఎవరి అనుమతీ లేకుండా ప్రతి ఇంటినీ సంప్రదిస్తాయి. ఆ దోమల్ని నమ్ముకుని బ్రాంచిలో ముప్పై ఒక్క మంది ఆడవాళ్ళు, ముప్పై ఒక్క కుర్చీల్లో కూర్చుని, ఫోన్లు చేసి బతుకుతున్నారు.

ఏడో కుర్చీ హైమవతిది. వయసు నలభై ఎనిమిది. పదకొండేళ్ళుగా అదే కుర్చీ. భర్త పోయి తొమ్మిదేళ్ళు. కూతురు బీఫార్మసీ ఆఖరి సంవత్సరంలో ఉంది. ఆమె గొంతు వింటే మధ్యాహ్నం నిద్ర నుంచి లేపినవాడు కూడా ఫోన్ పెట్టెయ్యడానికి మొహమాటపడతాడని బ్రాంచిలో పేరు. ఆ ఉద్యోగం పోతే నలభై ఎనిమిదేళ్ళ మనిషికి ఆ ఊళ్ళో ఇంకో కుర్చీ దొరకదు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

సాయంత్రం రైల్లో హైదరాబాదు నుంచి త్ర్యంబకరావు దిగాడు. ఆయన హోదా అనుమతుల ప్రధాన పర్యవేక్షణాధికారి. ఒక చేతిలో బ్రీఫ్‌కేసు, రెండో చేతిలో రబ్బరు ముద్రల పెట్టె. వచ్చీ రాగానే అందర్నీ నిలబెట్టి ఉపన్యాసం ఇచ్చాడు. కాల్స్ పెరగాలన్నదీ, కాల్స్ చేయకూడదన్నదీ పైపైన చూస్తే వైరుధ్యంలా కనిపిస్తాయనీ, లోతుగా చూస్తే అది సమన్వయ లోపం మాత్రమేననీ చెప్పాడు. అనుమతి అన్నది కాగితం కాదనీ, అదొక సంస్కృతి అనీ అన్నాడు. తర్వాత, ఎవరికైనా సూచనలున్నాయా అని అడిగాడు. ఉండవన్న నమ్మకంతో అడిగాడు.

హైమవతి లేచింది.

"మా వైపు ఎవర్ని ఏ పనికి రమ్మనాలన్నా ఇంటికెళ్ళి బొట్టు పెట్టి చెప్తామండి. బొట్టు పెట్టాక కాదనరు. కాదనడానికి మొహం చెల్లదు."

ఆమె సగం వేళాకోళానికి అంది. కొందరు నవ్వారు. త్ర్యంబకరావు నవ్వలేదు. జేబులోంచి పెన్ను తీసి రాసుకున్నాడు.

ఒక సంస్థ చరిత్రలో అతి ప్రమాదకరమైన క్షణం అధికారి నవ్వకుండా రాసుకునే క్షణం.

మర్నాడు ఉదయానికి సర్క్యులర్ గోడకెక్కింది. నూనె మరక లేని కొత్త కాగితం మీద పద్నాలుగు అంశాలున్నాయి. టెలికాలర్లు ఇకమీదట పట్టుచీరలు ధరించి, కుంకుమ భరిణెతో ఇంటింటికీ వెళ్ళి, గృహిణికి బొట్టు పెట్టి, తదుపరి ఫోన్ చేయుటకు అనుమతి కోరవలెను. బొట్టు పరిమాణం ఏకరూపంగా ఉండవలెను, నమూనా వృత్తం జతచేయడమైనది. 'ఫోన్ వద్దు' జాబితాలో పేరున్న ఇళ్ళ గడప తొక్కరాదు. ఆ ఇళ్ళవారిని ఫోన్ ద్వారా గాని, స్వయంగా గాని, మాట, సైగ, దగ్గు మొదలగు వాటి ద్వారా గాని సంప్రదించరాదు. ప్రతి అనుమతి పత్రంలోని ప్రత్యేక షరతులను అక్షరాలా పాటించవలెను.

పదకొండో అంశం దగ్గర హైమవతి ఆగింది.

కుంకుమ భరిణె వహించు సిబ్బంది ముత్తైదువలై ఉండవలెను. ఇందుకు రుజువుగా వివాహ పత్రమును, భర్త జీవించి ఉన్నట్టు పత్రమును ప్రతి సోమవారం దాఖలు చేయవలెను. అవివాహితలకు పన్నీరు బుడ్డి మంజూరు చేయడమైనది.

పద్నాలుగో అంశం చిన్న అక్షరాల్లో ఉంది. ముప్పయ్యో రోజు సాయంత్రం ఐదు గంటలకు ఒక్క అనుమతి పత్రమైనా లేని కుర్చీ తొలగించబడును.

ఆమె త్ర్యంబకరావు గదిలోకి వెళ్ళింది.

"పదకొండో అంశం ప్రకారం మావారిని తీసుకురావాలండి," అంది. "ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఇప్పుడు సోమవారం సోమవారం రమ్మంటే కష్టం."

త్ర్యంబకరావు ఆ విషయంలో సంస్థకు పూర్తి సానుభూతి ఉందన్నాడు. సానుభూతి ప్రకటించడానికి అవసరమైన ఫారం హైదరాబాదు నుంచి రావాలన్నాడు. వితంతువులపై సంస్థకు ఏ వివక్షా లేదనీ, అందుకు నిదర్శనంగా ఆమెకు అత్యంత బాధ్యతాయుతమైన పని అప్పగిస్తున్నాననీ అన్నాడు. సొరుగులోంచి ఒక లావుపాటి రిజిస్టరు తీసి ఆమె ముందు పెట్టాడు.

'ఫోన్ వద్దు' జాబితాలో ఆ బ్రాంచి పరిధిలో నూట అరవై ఇళ్ళున్నాయి. చాలామటుకు రైసుమిల్లు వీధిలోనూ దాని పక్క సందుల్లోనూ. వాళ్ళకు ఫోన్ చేయలేదని పైవాళ్ళు రేపు రుజువు అడిగితే ఏం చూపిస్తాం అని అడిగాడు.

"చెయ్యలేదని చెప్తామండి," అంది హైమవతి.

"నోటిమాట రుజువు కాదమ్మా. చేసిన ప్రతి కాల్‌కీ రికార్డు ఉంటుంది. చేయని కాల్‌కి ఏముంది? అరాచకం. ఇకపై మీరు రోజుకి ఎనభై మందికి ఫోన్ చేయకూడదు. చేయని ప్రతి కాల్‌నీ ఇందులో నమోదు చెయ్యాలి. తేదీ, చేయని సమయం, ఎవరికి చేయలేదు, వ్యవధి."

"చెయ్యని దానికి వ్యవధి ఏం రాయాలండి?"

"సగటు కాల్ మూడు నిమిషాలు. కాబట్టి ఒక్కొక్కరికి మూడు నిమిషాలు చేయకుండా ఉండండి."

"మరి నా కుర్చీ, ముప్పయ్యో రోజున?"

"అది పద్నాలుగో అంశం," అన్నాడు త్ర్యంబకరావు. "ఇది వేరే ఫైలు."

ఆ విధంగా హైమవతి ఫోన్ చేయని ఉద్యోగంలో చేరింది. ఉదయం పదింటికి ఒక నంబరు తీసేది. చేతులు ఒళ్ళో పెట్టుకునేది. గోడ గడియారం వంక చూస్తూ మూడు నిమిషాలు ఆ ఇంటికి ఫోన్ చేయకుండా కూర్చునేది. రిజిస్టరులో రాసి తర్వాతి నంబరుకి వెళ్ళేది. ఆరో రోజున నాణ్యతా పరీక్ష జరిగింది. ఆమె చేయని కాల్స్‌లో పన్నెండింటి రికార్డింగులు త్ర్యంబకరావు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని విన్నాడు. పదకొండు నిశ్శబ్దాలు ప్రమాణాలకు లోబడి ఉన్నాయన్నాడు. పన్నెండో దాంట్లో ఫ్యాను కిర్రుమంటోంది కనుక అది లెక్కలోకి రాదనీ, ఆ ఇంటికి ఇంకోసారి ఫోన్ చేయకుండా ఉండమనీ ఆదేశించాడు.

మిగిలిన ముప్పై మందీ పట్టుచీరలు కట్టుకుని వీధుల మీద పడ్డారు.

మొదటి సోమవారం మొగుళ్ళ వరస మెట్ల దాకా ఉంది. త్ర్యంబకరావు ఒక్కొక్కర్నీ ఫొటోతో పోల్చి చూసి, 'సజీవం' అని ముద్ర కొట్టి పంపుతున్నాడు. ఎనిమిదో కుర్చీ నీలవేణి భర్త ఏడుకొండలు చేపల లారీ డ్రైవరు. లోడు ఎక్కించి, ఐసు కరుగుతుండగా వచ్చి నిలబడ్డాడు.

"చూసేరు కదండీ. ఉన్నాను. ఎల్లొచ్చా?" అన్నాడు.

ఈ ముద్ర వారం వరకే చెల్లుతుందనీ, వచ్చే సోమవారం కూడా ఉండాలనీ త్ర్యంబకరావు చెప్పాడు.

"ఆయ్. నా ప్రయత్నం నేను చేస్తానండి," అని ఏడుకొండలు వెళ్ళిపోయాడు.

పథకం పనిచేసింది. అదే అసలు విపత్తు. గుమ్మంలోకి వచ్చి నుదుట బొట్టు పెట్టిన ఆడమనిషిని కాదని పంపిన ఇల్లాలు గోదావరి జిల్లాలో ఇంతవరకు పుట్టలేదు. ఎందుకు, ఏమిటి అని కూడా అడగకుండా సంతకాలు పెట్టారు. తిరిగి బొట్టు పెట్టారు. జాకెట్టు ముక్కలూ, అరటిపళ్ళూ చేతిలో పెట్టారు. పదో రోజుకి రెండు వేల అనుమతి పత్రాలూ, తొమ్మిది వందల జాకెట్టు ముక్కలూ పోగయ్యాయి. కానుకల స్వీకార నిబంధన కింద ఆ ముక్కలన్నింటినీ త్ర్యంబకరావు జప్తు చేసి, రంగుల వారీగా బీరువాలో పెట్టించి తాళం వేశాడు.

ఇబ్బందల్లా అనుమతి పత్రం చివర్లో ఉన్న 'ప్రత్యేక షరతులు' అన్న గీత దగ్గర వచ్చింది. ఖాళీ గీత కనిపిస్తే ఏదో ఒకటి రాయకుండా ఉండటం మర్యాద కాదనుకున్నారు ఇల్లాళ్ళు. రాహుకాలంలో వద్దని ఒకరు రాశారు. మంగళవారం, శుక్రవారం వద్దని ఇంకొకరు. అత్తగారు పడుకున్నాకే చెయ్యాలి. అత్తగారు లేచాకే చెయ్యాలి. పప్పు పొయ్యి మీద ఉన్నప్పుడు చెయ్యకూడదు. షరతులు అక్షరాలా పాటించి తీరాలి కనుక త్ర్యంబకరావు ఒక పంచాంగం కొనిపించాడు. పురోహితుణ్ణి పిలిపించి రెండు వేల షరతులూ వినిపించాడు. ఆయన రెండు రోజులు లెక్కగట్టి, అందరికీ దోషం లేకుండా ఫోన్ చేయదగ్గ సమయం వారం మొత్తంలో బుధవారం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాల నుంచి రెండు గంటల నలభై ఎనిమిది వరకు ఉందని తేల్చాడు.

ఆ ముప్పై ఎనిమిది నిమిషాల్లో ముప్పై మంది ఒకేసారి ఫోన్ల మీద పడేవారు. మిగతా వారమంతా బొట్లు.

ఇంతకీ అందరూ మరిచిపోయినది రైసుమిల్లు వీధిని.

ఆ వీధిలో ఒక ఇల్లు విడిచి ఒక ఇల్లు 'ఫోన్ వద్దు' జాబితాలో ఉంది. పట్టుచీరలు కట్టిన ఆడవాళ్ళు కుంకుమ భరిణెలతో వీధిలోకి వచ్చారు. మొదటింటికి వెళ్ళారు. రెండో ఇంటి ముందుకి రాగానే తల దించుకుని, దగ్గు వస్తే కొంగు అడ్డం పెట్టుకుని, గబగబా దాటేసి మూడో ఇంటికి వెళ్ళారు. ఆ రెండో ఇల్లు శేషారత్నం గారిది. ఆవిడ ముప్పై ఆరేళ్ళు పాఠాలు చెప్పి హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయిన మనిషి. సగం ఊరు ఆవిడ చేతి బెత్తం రుచి చూసిందే.

ఆవిడ అరుగు మీద కూర్చుని ఇదంతా చూసింది. అటు పక్కింటివాళ్ళకి బొట్టు. ఇటు పక్కింటివాళ్ళకి బొట్టు. మధ్యలో తను. ఏ వేడుకో తెలియదు. ఎవరింట్లోనో తెలియదు. తనను మానేశారన్నది మాత్రం తెలిసింది. సాయంత్రానికి ఎదురింటావిడ మంచినీళ్ళ పంపు దగ్గర, "మీ ఇంటికీ వచ్చేరా పిన్నిగారూ?" అని ఎంతో మెత్తగా అడిగింది. ఆ మెత్తదనం శేషారత్నం గారికి రెండు రాత్రులు నిద్ర పట్టనివ్వలేదు.

ఆ మంట మీద ఇరవై రెండో రోజున సంస్థ నెయ్యి పోసింది.

చేయని కాల్స్ వివరం వినియోగదారునికి తెలియజేయడం పారదర్శకత అని త్ర్యంబకరావుకి తట్టింది. నరసరాజుకి భయం వేసి, ఉత్తరం రాయడం మటుకు సంప్రదించడం కాదా అని అడిగాడు. కాదు, అమ్మకం గురించి రాస్తే ప్రచారం, అమ్మకం లేదని రాస్తే సేవా సమాచారం అని త్ర్యంబకరావు వివరించాడు. నూట అరవై ఇళ్ళకూ రిజిస్టరు పోస్టులో, గులాబి రంగు అంచున్న ధ్రువీకరణ పత్రాలు వెళ్ళాయి.

'శ్రీమతి శేషారత్నం గారికి. ఈ నెలలో మా సంస్థ తమరిని ఎనిమిది పర్యాయములు, ఒక్కొక్క పర్యాయము మూడు నిమిషముల చొప్పున, బుద్ధిపూర్వకముగా సంప్రదించకుండా ఉన్నదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది. ఇకముందు కూడా ఇదే శ్రద్ధతో తమరిని సంప్రదించకుండా ఉండగలమని హామీ ఇస్తున్నాము.'

పిలవకపోవడం వేరు. మరిచిపోయారని సరిపెట్టుకోవచ్చు. ఎనిమిదిసార్లు గుర్తుపెట్టుకుని మరీ మానేశామని సంతకం, ముద్ర వేసి ఇంటికి పంపడం భీమవరం చరిత్రలో అదే మొదలు. రైసుమిల్లు వీధిలో ఆడవాళ్ళు కాగితాలు పోల్చుకున్నారు. ఒకావిడకి తొమ్మిది పర్యాయాలని వచ్చింది, ఫ్యాను కిర్రుమన్న కాల్ ఆవిడదే. మనమేం తప్పు చేశామని తొమ్మిదోసారి కూడా మానేశారని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఇరవై తొమ్మిదో రోజు సోమవారం. హైమవతి కుర్చీకి ఇంకా ఒక్క రోజు ఆయుష్షుంది. కుర్చీ తీసుకెళ్ళడానికి ఆటోతో సహా ఏర్పాటయింది. ఆమె రిజిస్టరులో మొత్తం చేయని కాల్స్ పద్దెనిమిది వందలు దాటాయి. అనుమతి పత్రాలు సున్న. బ్రాంచి మొత్తమ్మీద ఫిర్యాదులూ సున్నే. ఇంకొక్క రోజు గడిస్తే ఆ సున్నతో త్ర్యంబకరావు హైదరాబాదు వెళ్ళి ప్రమోషను అందుకుంటాడు.

పదకొండు గంటల పన్నెండు నిమిషాలకు మెట్ల మీద చప్పుడయింది.

శేషారత్నం గారు ముందు, ఆవిడ వెనక ఇరవై ఎనిమిది మంది. అందరి చేతుల్లోనూ గులాబి అంచు కాగితాలు. సజీవ ముద్ర కోసం వరసలో నిలబడ్డ మొగుళ్ళు గోడకి అతుక్కుపోయి దారిచ్చారు.

"ఇక్కడ పెద్ద ఎవరు?" అని అడిగింది శేషారత్నం గారు.

త్ర్యంబకరావు లేచి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. ఆయన కళ్ళు ఆవిడ చేతిలోని కాగితం మీద పడ్డాయి. జాబితాలోని మనిషి. ఫోన్ ద్వారా గాని, స్వయంగా గాని, మాట, సైగ, దగ్గు. ఆయన నోరు మూసుకుని, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"మిమ్మల్నే. మాట్లాడరేం?"

ఆయనకు ఒక ఉపాయం తట్టింది. గోడని చూస్తూనే గొంతు పెంచాడు.

"నరసరాజు గారూ. ఒకవేళ ఈ గదిలోకి ఎవరైనా వచ్చి ఉంటే, వచ్చారని నేననడం లేదు, వారు జాబితాలో ఉన్నందున వారు వచ్చినట్టు సంస్థ గుర్తించజాలదని మీకు తెలియజేస్తున్నాను."

శేషారత్నం గారికి ఈ విద్య కొత్త కాదు. ఆడబిడ్డతో పదేళ్ళు ఇలాగే కాపురం చేసింది. మూలనున్న మంచినీళ్ళ క్యాను వైపు తిరిగింది.

"ఏవమ్మా క్యానూ. ఆ పెద్దమనిషి చదువుకున్నాడా, ఊరికే ఉద్యోగం చేస్తున్నాడా, కాస్త కనుక్కుని చెప్పు."

నరసరాజు క్యాను వంకా, గోడ వంకా చూశాడు.

శేషారత్నం గారు గది కలియజూసి, దగ్గర్లో ఉన్న ఏడో కుర్చీ దగ్గరికి వెళ్ళింది. హైమవతి లేవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని గడియారం వంక చూస్తోంది. పలకరిస్తే పలకలేదు. ముక్కుకి సూటిగా చూస్తూ కూర్చుంది.

"ఈ పిల్లకేవైంది?"

నలభై ఎనిమిదేళ్ళ పిల్ల గురించి చెప్పగలిగిన మనిషి ఆ గదిలో ఉద్యోగుల్లో లేరు. వరసలో ఉన్న ఏడుకొండలు ఉద్యోగి కాడు.

"పదకొండూ పదిహేను అయిందండి. అది మీ టైమండి," అన్నాడు తెరిచి ఉన్న రిజిస్టరు చూస్తూ. "మిమ్మల్ని సంప్రదించకుండా ఉంటందండి. ఇంకో రెండు నిమిషాలు పడద్ది. ఈలోగా కూకోండి."

ఆ రెండు నిమిషాల్లో ఏడుకొండలు అంతా చెప్పేశాడు. నీలవేణి చొక్కా పట్టి లాగుతున్నా ఆగలేదు. బొట్టు ఎందుకు పెడుతున్నారో, జాబితా ఏమిటో, రిజిస్టరు ఏమిటో, తను లారీ ఆపుకుని వారం వారం ఎందుకు బతికుంటున్నాడో చెప్పాడు. ఆఖరికి, ఈ బొట్ల ఉపాయం చెప్పింది ఈవిడేననీ, మొగుడు లేడని ఈవిడకే భరిణె ఇవ్వలేదనీ, రేపు సాయంత్రం ఐదింటికి ఈ కుర్చీ లేచిపోతుందనీ చెప్పాడు.

శేషారత్నం గారు నీలవేణి బల్ల మీది భరిణె మూత తీసింది. మూడో నిమిషం పూర్తయి, హైమవతి తల తిప్పేసరికి ఆవిడ వేలు ఆమె నుదుటి దగ్గరుంది.

"వద్దండి," అంది హైమవతి. "సర్క్యులర్ ఉంది."

"నేను సర్క్యులర్‌కి పెట్టట్లేదమ్మా. నీకు పెడుతున్నాను."

నమూనా వృత్తానికి మూడింతల బొట్టు. గోడ వైపు తిరిగి ఉన్న త్ర్యంబకరావుకి ఏం జరుగుతోందో కనిపించలేదు కనుక ఆయన ఆపలేకపోయాడు.

బల్ల మీద ఖాళీ అనుమతి పత్రాల కట్ట ఉంది. ఉద్యోగులు ఇవ్వకూడదు కాబట్టి ఏడుకొండలు పంచిపెట్టాడు. శేషారత్నం గారు తరగతి గదిలో నిలబడ్డట్టు మధ్యలో నిలబడి, చివరి గీత దగ్గర వేలు పెట్టమని అందరికీ చెప్పింది.

"ప్రత్యేక షరతులు. రాయండి. మాకు ఫోన్ చేస్తే ఏడో కుర్చీలో కూర్చున్న హైమవతి గారే చెయ్యాలి. కామా. ఆ కుర్చీలోంచే చెయ్యాలి. కామా. ఇంకెవరు చేసినా, ఈవిడ చెయ్యకపోయినా, ఫిర్యాదు చేస్తాం. ఫుల్‌స్టాప్. పక్కవాళ్ళది చూసి రాయకండి."

ఇరవై తొమ్మిది పత్రాలు అక్కడికక్కడే పూర్తయ్యాయి. మిగిలిన నూట ముప్పై ఒక్కటీ ఏడుకొండలు లారీ ఇల్లిల్లూ తిరిగి సాయంత్రం ఐదింటికల్లా తెచ్చి పడేసింది. అన్నింటికీ చేపల వాసన. అన్నింటిలోనూ అదే వాక్యం, అవే కామాలు.

త్ర్యంబకరావు ఆ రాత్రి తన సర్క్యులర్‌ని మూడుసార్లు చదివాడు. షరతులను అక్షరాలా పాటించవలెను. రాసింది తనే. హైమవతిని తీసేస్తే నూట అరవై ఉల్లంఘనలు. ఆమె ఫోన్ చేయకపోతే నూట అరవై ఫిర్యాదులు. ఆమె కుర్చీని కిటికీ వైపు జరిపినా, అది అదే కుర్చీయా కాదా అన్నది న్యాయసమస్య. ఆమె సెలవు పెడితే ఏం చెయ్యాలన్నది ఇంకో సమస్య. తెల్లవారి వడ్రంగి వచ్చి ఏడో కుర్చీని నేలకి నాలుగు మేకులతో బిగించి వెళ్ళాడు. కుర్చీ తీసుకెళ్ళడానికి వచ్చిన ఆటోవాడికి ఒక జాకెట్టు ముక్క ఇచ్చి పంపారు.

ముప్పయ్యో రోజు ఉదయం పదింటికి హైమవతి ఆ కుర్చీలో కూర్చుని, నెల రోజుల తర్వాత మొదటిసారి ఫోన్ ఎత్తింది. త్ర్యంబకరావు హెడ్‌ఫోన్లు తగిలించుకుని పక్కనే కూర్చున్నాడు. శేషారత్నం గారింట్లో రెండుసార్లు మోగింది.

"నమస్కారమండి. నిశ్చింత మెష్ డోర్స్ నుంచి హైమవతిని మాట్లాడుతున్నాను."

"ఆ, చెప్పమ్మా. కాఫీ తాగేవా?"

"తాగేనండి. మీ ఇంటికి దోమతెర తలుపుల విషయం అడుగుదామని..."

"ఆరేళ్ళయిందమ్మా వేయించి. మీ కంపెనీవే. మా వీధిలో జాబితాలో ఉన్నవాళ్ళందరివీ మీ తలుపులే. కొన్నాక కూడా కొనమని రోజూ ఫోన్లు చేస్తుంటే పడలేక జాబితాలో చేరేం."

"మరి నిన్న సంతకాలెందుకు పెట్టేరండి?"

"అటింటికీ ఇటింటికీ చెప్పి మధ్యలో నన్ను మానేస్తే, నువ్వయితే ఊరుకుంటావా? తలుపు ఉంటే ఉంది. అడగడం మర్యాద. అడిగేవు, బావుంది. మీ అమ్మాయి పరీక్షలెలా రాస్తోంది?"

ఆ కాల్ పదకొండు నిమిషాలు నడిచింది. మధ్యలో ఒక పులిహోర విధానమూ, ఒక మోకాళ్ళ నొప్పీ వచ్చాయి. రేపు ఇదే వేళకి చెయ్యమని చెప్పి అవతలివైపు ఫోన్ పెట్టేశారు.

త్ర్యంబకరావు హెడ్‌ఫోన్లు తీశాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది. కాల్ పూర్తి. అనుమతి ఉంది. షరతు పాటించబడింది. ఫిర్యాదు లేదు. పైగా వినియోగదారు రేపటి కాల్‌కి తనంతట తానే అభ్యర్థించింది. ఇటువంటిది సంస్థ చరిత్రలో లేదు. ఆ సాయంత్రానికే నివేదిక హైదరాబాదు వెళ్ళింది. చేసినవీ, చేయనివీ కలిపి కాల్స్ రెట్టింపు. ఫిర్యాదులు సున్న. బ్రాంచి మూసివేత రద్దు. త్ర్యంబకరావుకి ప్రమోషను, మిగతా పదిహేడు బ్రాంచీలకూ భీమవరం పద్ధతి ఆదర్శంగా ప్రకటన.

ఎన్ని తలుపులు అమ్ముడుపోయాయన్న గడి ఆ నివేదికలో లేదు. కనుక ఎవరూ నింపలేదు. ఎవరూ అడగలేదు.

ఈలోగా హైమవతి రెండో నంబరు నొక్కింది. తొమ్మిది పర్యాయాలని కాగితం అందుకున్నావిడది. ఆవిడకి ముందు క్షమాపణ చెప్పాలి. ఇంకా నూట యాభై ఎనిమిది ఇళ్ళున్నాయి.